తేడా లెక్క



మాస్టారిని పేరు పెట్టి పిలిచిన గుర్తు నాకు లేదు. ఈ హాల్లో ఉన్న చాలామందికీ ఉండదనుకుంటాను. ఆహ్వాన పత్రికలో ఆయన పూర్తి పేరు డిగ్రీలతో సహా అచ్చు వేసి ఉంటే, ఎవరిదో అని ఒక్క క్షణం ఆగాను. ఈ సాయంత్రం కూడా మాస్టారు అనే అంటాను.

మా బీఎస్సీ ఆఖరి ఏడు ఒక మధ్యాహ్నం ఆయన మా నలుగురినీ ఫిజిక్స్ ల్యాబ్ వెనకగదిలోకి తీసుకెళ్ళారు. బల్ల మీద పాత వాల్వుల షార్ట్‌వేవ్ రిసీవర్ ఉంది. దాని పక్కన టిఫిన్ డబ్బా అంత అల్యూమినియం పెట్టె. అందులో ఆయన తన చేతులతో కట్టిన 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఓసిలేటర్. ఎండాకాలమైనా చలికాలమైనా క్రిస్టల్ వేడి మారకుండా దాని చుట్టూ చిన్న హీటర్ చుట్టారు. రిసీవర్‌ను 10 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబెట్టగానే బరబరల మధ్యనుంచి సెకనుకొక టిక్కు వినబడసాగింది. ‘‘ఢిల్లీ,’’ అన్నారు మాస్టారు. అది నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ళ ఏటీఏ స్టేషన్. 1959లో మొదలైంది. పాటలూ కబుర్లూ ఏమీ ఉండేవి కావు. కాలం, కంపనం, అంతే.

తర్వాత ఓసిలేటర్ నుంచి ఒక తీగముక్క తీసి ఏరియల్ దగ్గర వేలాడదీశారు. రిసీవర్ మీటరు సూది మెల్లగా లేచి, మెల్లగా పడి, మళ్ళీ లేచింది. రెండు కంపనాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంటే ఒకసారి కలుస్తాయి, ఒకసారి కొట్టేసుకుంటాయి. ఆ ఊపే వాటి మధ్య తేడా. ‘‘లెక్కపెట్టండిరా,’’ అన్నారు. ఊపుకి పది సెకన్లు పట్టింది. అంటే సెకనుకి కోటి కంపనాలు ఉండాల్సిన చోట పదోవంతు కంపనం తేడా. పది కోట్లకు ఒకటి. అలాంటి ఓసిలేటర్‌తో నడిచే గడియారం మూడేళ్ళ పైచిలుకు నడిస్తే ఒక సెకను తప్పుతుంది. ఊళ్ళో కూర్చుని, ఎక్కడికీ వెళ్ళకుండా, ఢిల్లీలో ఉన్న ప్రమాణంతో ఆ తేడా పట్టుకున్నాం. ఇవాళ నేను మాట్లాడబోయే విద్య, అంటే దూరం నుంచి క్యాలిబ్రేషన్, మొత్తం ఆ సూది ఊపులోనే ఉంది.

నేను ఉత్సాహం పట్టలేక, ‘‘స్క్రూ తిప్పి సున్నా చేసేద్దామా మాస్టారూ?’’ అన్నాను. ‘‘ముందు రాయరా,’’ అన్నారు. ‘‘తిప్పేస్తే నిన్నటిదాకా ఎంత తప్పిందో రేపు ఎవరికి తెలుస్తుంది?’’

ఆ మాట నాకు పూర్తిగా అర్థం కావడానికి ఉద్యోగంలో చేరాక ఇరవై ఏళ్ళు పట్టింది.

క్యాలిబ్రేషన్ అంటే పరికరాన్ని ‘సరిచేయడం’ అని చాలామంది అనుకుంటారు. మన భాషలో సరిచూడటం వేరు, సరిచేయడం వేరు. ఈ తేడా తెలుగులో ఇంత చక్కగా ఉన్నా పనిలో మనం దాన్ని పాటించం. క్యాలిబ్రేషన్ అంటే సరిచూడటమే. నీ కొలత ప్రమాణం నుంచి ఎంత తప్పింది, ఆ ‘ఎంత’ మీద నీకు ఎంత నమ్మకం ఉంది, ఈ రెండూ కాగితం మీద పెట్టడం. తప్పులేని గడియారం లోకంలో లేదు. తన తప్పు ఎంతో తెలిసిన గడియారం ఉంటుంది, తెలియనిది ఉంటుంది.

నేను పనిచేసిన ఒక సంస్థలో ఏడాదికోసారి మా ప్రామాణిక ఓసిలేటర్‌ను ప్యాక్ చేసి పెద్ద ల్యాబ్‌కు పంపేవాళ్ళం. వెళ్ళిరావడానికి ఆరువారాలు. ఆ ఆరువారాలూ మా ల్యాబ్‌లో కొలిచిన ఏ అంకెకూ ఆధారం ఉండేది కాదు. ఒక ఏడు సర్టిఫికెట్‌తో సహా తిరిగొచ్చిన పెట్టెను ఆన్ చేసి, మా దగ్గరున్న రెండో ఓసిలేటర్‌తో పోల్చి చూస్తే సర్టిఫికెట్ చెప్పిన దానికీ సూది చెప్పేదానికీ పొంతన లేదు. అబద్ధం ఎవరూ ఆడలేదు. అక్కడ కొలిచినప్పుడు అది అలాగే ఉండి ఉంటుంది. కానీ క్రిస్టల్‌కు కరెంటు తీసేస్తే చల్లారుతుంది, మళ్ళీ వేడెక్కి పాత నడకకు రావడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా రానే రాదు. లారీలో కుదుపులు తింటుంది. పెట్టెను పక్కకు వాలిస్తే చాలు, భూమ్యాకర్షణ క్రిస్టల్ మీద పడే దిశ మారి వందకోట్లలో ఒకటో రెండో వంతులు తేడా వస్తుంది. మేము తెప్పించుకున్నది ఆ పెట్టె అక్కడ, ఆ వారం ఎలా ఉందో చెప్పే కాగితం. మాకు కావలసింది ఇక్కడ, ఇవాళ ఎలా ఉందో చెప్పేది. అందుకే పరికరం ప్రమాణం దగ్గరికి పోకూడదు, ప్రమాణమే పరికరం దగ్గరికి రావాలి. దూరం నుంచి క్యాలిబ్రేషన్ అనే ఆలోచనకు ఇంతకంటే గట్టి కారణం లేదు.

ఆలోచన పాతదే. 1836 నుంచి లండన్‌లో జాన్ బెల్‌విల్ అనే గ్రీనిచ్ అబ్జర్వేటరీ ఉద్యోగి ఒక క్రోనోమీటర్‌ను గ్రీనిచ్ కాలంతో సరిచూసుకుని ఊళ్ళో గడియారాల వ్యాపారులకు చూపించి వచ్చేవాడు. ఆయన పోయాక భార్య మరియా, ఆమె తర్వాత కూతురు రూత్ ఆ పని సాగించారు. రూత్ చేతిలోని క్రోనోమీటర్‌కు దాన్ని చేసినవాడి పేరే మిగిలింది: ఆర్నాల్డ్. ఆమె గ్రీనిచ్‌కు వెళ్ళి ఆర్నాల్డ్ ఎంత తేడాలో ఉందో చెప్పే చీటీ రాయించుకుని, ఖాతాదారుల దుకాణాలకు నడిచి వెళ్ళేది. వాళ్ళు గడియారాన్నీ చీటీనీ కలిపి చూసి తమది దిద్దుకునేవారు. టెలిగ్రాఫ్ వచ్చింది, రేడియో వచ్చింది, 1936లో ఫోన్‌లో టైము చెప్పే యంత్రమూ వచ్చింది. అయినా 1940 దాకా ఆమె నడుస్తూనే ఉంది. ఈ విద్యకు పూర్వీకులెవరని ఎవరైనా అడిగితే నేను మొదట రూత్ బెల్‌విల్ పేరే చెబుతాను.

మన వైపు కథ మద్రాసు నుంచి మొదలవుతుంది. విలియం పెట్రీ అనే కంపెనీ అధికారి 1786లో ఎగ్మూరులో తన ఇంట్లో పెట్టుకున్న అబ్జర్వేటరీని ఈస్టిండియా కంపెనీ తీసుకుంది. 1792లో మైకేల్ టాపింగ్ నుంగంబాకంలో దానికి భవనం కట్టించాడు. ఆ టాపింగ్ నాలుగేళ్ళకే బందరులో జ్వరంతో చనిపోయాడు. నక్షత్రాలు చూసే పరికరం కదలకుండా ఉండాలని ఆయన నిలబెట్టిన గ్రానైట్ స్తంభం 15 అడుగుల ఎత్తు, 10 టన్నుల బరువు. చెన్నై వాతావరణ కేంద్రం ఆవరణలో ఇప్పటికీ ఉంది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలోనూ తెలుగులోనూ శాసనం చెక్కించారు. మన దేశంలో ఆధునిక కాలగణనకు పునాదిరాయి లాంటి ఆ స్తంభం మీద తెలుగు అక్షరాలున్నాయని మనలో ఎంతమందికి తెలుసు? మొదటిసారి వాటిని వేళ్ళతో తడిమినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

అదే అబ్జర్వేటరీలో పనిచేసిన జాన్ గోల్డింగ్‌హాం 1802లో మద్రాసు రేఖాంశాన్ని 80 డిగ్రీల 18 నిమిషాల 30 సెకన్లుగా తేల్చాడు. దాని మీదే మద్రాసు టైము నిలిచింది. గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. ఆ అంకెను ఇవాళ్టి మ్యాపు మీద పెడితే అబ్జర్వేటరీ బంగాళాఖాతంలో పడుతుంది. అసలు చోటు అంతకంటే ఆరు కిలోమీటర్లకు పైగా పడమర. గోల్డింగ్‌హాం అజాగ్రత్తపరుడు కాడు. గురుగ్రహపు చంద్రుల గ్రహణాలు చూసి, గ్రీనిచ్ కాలాన్ని ఆకాశం నుంచి చదువుకోవాల్సిన రోజులవి. ఆయన గొప్పతనం ఏమిటంటే, ఏ కొలతలతో ఆ అంకె వచ్చిందో రాసి పెట్టాడు. తర్వాతి వాళ్ళు ఆ రాత మీదే నిలబడి తప్పును తవ్వి తీశారు. ముందు రాయరా.

ఆ అబ్జర్వేటరీలో నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు అక్కడినుంచే 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని గమనించారు. వీళ్ళ గురించి ఒక ఉపన్యాసమే వేరుగా జరగాలి.

మద్రాసు అబ్జర్వేటరీ గడియారం టెలిగ్రాఫ్ తీగ పట్టుకుని దేశమంతా పాకింది. రైళ్ళు మద్రాసు టైముతో నడిచాయి. రాత్రి 8 గంటలకు సెయింట్ జార్జి కోటలో ఫిరంగి పేలేది. ఆ ఫిరంగిని ఒక్క క్షణం తలుచుకోండి. కోటకు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి ఆ శబ్దం చేరేసరికి దాదాపు తొమ్మిది సెకన్లు. చెవిన పడగానే తన గడియారం 8 దగ్గర పెట్టుకుంటే తొమ్మిది సెకన్లు వెనకబడ్డట్టే. కానీ అదే మనిషి అదే చోట రోజూ నిలబడి వింటే? ఈ ఫిరంగికీ రేపటి ఫిరంగికీ మధ్య వ్యవధి మాత్రం కచ్చితంగా 24 గంటలే. దారిలో ఆలస్యం ఎంతో తెలియకపోయినా, అది మారకుండా ఉంటే చాలు, గడియారం నడక సరిచూసుకోవచ్చు. గంట ఎంతయిందో తెలియాలంటే మాత్రం ఆలస్యం ఎంతో తెలియాల్సిందే. కాలం అందించడం కష్టం, కంపనం అందించడం కొంత తేలిక అని మా రంగంలో అనే మాటకు మూలం ఇదే.

1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చింది. 82.5 డిగ్రీల రేఖాంశం. మన కాకినాడ జిల్లాలో తుని పక్కనుంచి వెళ్ళే గీత అది. మద్రాసు టైము కంటే తొమ్మిది నిమిషాలు ముందు. కలకత్తా, బొంబాయిలు చాలా ఏళ్ళు తమ టైములు వదల్లేదు.

ఇక రేడియో. అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూవీ స్టేషన్ 1923లో ప్రామాణిక కంపనాల ప్రసారం మొదలుపెట్టింది. అప్పట్లో రేడియో స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే, ఎవరి అల ఎక్కడుండాలో సరిచూసుకోవడానికి. మన ఏటీఏ కూడా ఆ కోవకు చెందిందే. మాస్టారి వెనకగదిలో మేము కొన్ని సాయంత్రాలు కూడా సూది చూశాం. సూర్యుడు వాలే వేళ ఊపు మారిపోయేది. ఢిల్లీ నుంచి వచ్చే అల ఆకాశంలో అయనావరణం తగిలి కిందికి దిగుతుంది. సాయంత్రం ఆ పొర పైకి లేస్తుంటే అల దారి పొడుగవుతూ పోతుంది, కంపనం జారినట్టు కనబడుతుంది. ‘‘ఇది మన పెట్టెది కాదురా, ఆకాశానిది,’’ అనేవారు మాస్టారు. కొలతలో కనబడ్డ తేడా పరికరానిదా, దారిదా? ఈ రంగంలో వందేళ్ళ ప్రగతి మొత్తం ఆ రెంటినీ విడదీసే ప్రయత్నమే.

1955లో ఇంగ్లండులో లూయీ ఎసెన్, జాక్ ప్యారీ సీసియం గడియారాన్ని నడిపించారు. 1967లో సెకను నిర్వచనమే సీసియం పరమాణువు 9,192,631,770 కంపనాల వ్యవధి అయింది. ప్రమాణం అంత నిశితమయ్యేసరికి దాన్ని మోసుకొచ్చే రేడియో అల మోటుగా మిగిలిపోయింది. కొన్నాళ్ళు సీసియం గడియారాలనే విమానాల్లో ఎక్కించి దేశదేశాలకు తిప్పి పోల్చారు. రూత్ బెల్‌విల్ పనే, విమానం ఎక్కింది.

అసలు మలుపు 1980లో వచ్చింది. అమెరికా ప్రమాణాల సంస్థలో డేవిడ్ అలన్, మార్క్ వైస్ ఒక చిన్న ఉపాయం చెప్పారు. దాన్ని మన ఊరి మాటల్లో చెబుతాను. గుడికి ఈ పక్క మీ ఇల్లు, ఆ పక్క మా ఇల్లు, రెండూ సమాన దూరంలో. పూజారి గంట కొట్టాడు. ఆయన సరిగ్గా ఆరింటికి కొట్టాడో లేదో మనకు తెలియదు, అక్కర్లేదు. గంట వినబడ్డప్పుడు మీ గడియారం ఎంత చూపిందో మీరు రాశారు, మాది ఎంత చూపిందో నేను రాశాను. సాయంత్రం కలిసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాం. పూజారి ఆలస్యం కొట్టేసుకుపోయింది. మిగిలింది మీ గడియారానికీ నా గడియారానికీ మధ్య తేడా, అంతే. జీపీఎస్ ఉపగ్రహమే ఆ గంట. రెండు ల్యాబులు ఒకే ఉపగ్రహాన్ని ఒకే సమయంలో చూసి రాసుకుంటే, ఉపగ్రహం గడియారంలో తప్పూ, దారిలో వాతావరణపు తప్పులో చాలా భాగమూ తీసివేతలో పోతాయి. దీన్ని కామన్ వ్యూ అంటారు. అంత గొప్ప పని చేసేది ఒక తీసివేత లెక్క అని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అదే అమెరికా సంస్థ 1984లో ఇంకో అడుగు వేసింది. చందా కట్టిన పరిశ్రమలకు కొలిచే పెట్టెనే పంపడం మొదలుపెట్టింది. మీ ఓసిలేటర్లు మీ బల్ల మీదే ఉంటాయి. కరెంటు తీయక్కర్లేదు, కదపక్కర్లేదు. పెట్టె వాటిని రాత్రింబవళ్ళు కొలుస్తుంది. మొదట్లో ఓడలకు దారి చూపే లోరాన్ రేడియో సంకేతాల సాయంతో, తర్వాత జీపీఎస్‌తో. ఆ కొలతలను ప్రమాణ సంస్థ తెప్పించుకుని చూసి, నెలకోసారి మీకు నివేదిక పంపుతుంది. ఒక రోజు సగటున 10 లక్షల కోట్లలో సుమారు 2 వంతుల దాకా తేల్చగలిగిన సేవ అది. 2006లో కంపనంతో పాటు కాలాన్ని కూడా ఇలాగే సరిచూసే సేవ వచ్చింది. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ సూక్ష్మత కాదు. ఒక మనిషి ప్రతి రోజూ మీ అంకెలు చూస్తున్నాడన్నది. ఏడాదికోసారి వచ్చే సర్టిఫికెట్‌కూ దీనికీ, ఊరెళ్ళినప్పుడు చేయించుకునే వైద్యపరీక్షకూ పక్కింట్లో ఉన్న డాక్టరుకూ ఉన్నంత తేడా ఉంది.

మరి ఆ ప్రమాణ సంస్థల గడియారాలను ఎవరు సరిచూస్తారు? పారిస్ పక్కన అంతర్జాతీయ తూనికలు కొలతల కార్యాలయం ఉంది. లోకంలోని సుమారు ఎనభై ల్యాబులు తమ పరమాణు గడియారాల అంకెలు అక్కడికి పంపుతాయి. వాళ్ళు వందల గడియారాలను తూచి సగటు కట్టి యూటీసీ అనే ప్రపంచ కాలాన్ని లెక్కిస్తారు. నెలకోసారి సర్క్యులర్ టి అనే కాగితం వెలువడుతుంది. పోయిన నెలలో ఫలానా రోజున ఏ దేశం గడియారం ఎన్ని నానోసెకన్లు తప్పిందో అందులో ఉంటుంది. ఢిల్లీ ప్రయోగశాల కాలం కూడా అందులో ఒక వరుస. యూటీసీకి సుమారు 20 నానోసెకన్ల లోపు దాన్ని నిలబెడుతున్నారు. నానోసెకనులో వెలుతురు నడిచేది ఒక అడుగు. ఇంకో సంగతి గమనించండి. ఈ క్షణంలో ప్రపంచ కాలం ఎంతో ఈ క్షణంలో ఎవరికీ తెలియదు. తెలిసేది తర్వాతే. అన్నిటికంటే పైనున్న గడియారం కాగితం మీద ఉంది, అదీ తేడాల పట్టిక రూపంలో.

ఇవి ల్యాబుల ముచ్చట్లని అనుకోవద్దు. మన కరెంటు గ్రిడ్డులో దూరదూరాల సబ్‌స్టేషన్ల దగ్గర ఒకే క్షణంలో ఓల్టేజి అల ఏ దశలో ఉందో కొలిచే పరికరాలు పెట్టారు. 50 హెర్ట్జ్ అలలో ఒక డిగ్రీ అంటే దాదాపు 56 మైక్రోసెకన్లు. గడియారం అంత తప్పితే గ్రిడ్డు మీద లేని ఒత్తిడి ఉన్నట్టు కనబడుతుంది. మొబైల్ టవర్లు తడబడటానికి ఇంకా తక్కువ తప్పే చాలు. ఈ గడియారాల్లో ఎక్కువ భాగం జీపీఎస్ మీదే బతుకుతున్నాయి. 2016 జనవరి 26న ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని విరమింపజేస్తుండగా జరిగిన పొరపాటు వల్ల కొన్ని ఉపగ్రహాలు 13 మైక్రోసెకన్ల తప్పు కాలాన్ని గంటల తరబడి ప్రసారం చేశాయి. బ్రిటన్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలు చెదిరాయి. ఉపగ్రహం చెప్పిందే వేదమనుకున్న గడియారాలు మోసపోయాయి. చెప్పిన మాటను పక్కనున్న మంచి ఓసిలేటర్‌తో పోల్చి చూసుకునే అలవాటున్న చోట అనుమానం వచ్చింది.

జీపీఎస్ లాంటిదే మనకూ నావిక్ ఉంది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్ళిన మొదటి ఉపగ్రహంలో విదేశాల నుంచి తెచ్చిన మూడు రుబీడియం గడియారాలూ మూడేళ్ళకే చెడిపోయాయి. ఆ దెబ్బ తర్వాత మనవాళ్ళు సొంతంగా రుబీడియం గడియారం తయారుచేసి 2023 మే 29న ఎన్‌వీఎస్-01లో అదే శ్రీహరికోట నుంచి పంపారు. ఆ రోజు మాస్టారు ఉంటే బాగుండుననిపించింది. 2025 జనవరిలో దాని తర్వాతిది అనుకున్న కక్ష్య చేరలేదు. ఆ దారి ఇంకా చాలా ఉంది.

ప్రభుత్వం వైపు నుంచి కదలిక కనబడుతోంది. 2022 ఏప్రిల్ ఆదేశాలతో కంప్యూటర్ వ్యవస్థలు దేశీయ టైం సర్వర్లతో సరిచూసుకోవాలన్నారు. అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిల్లోని ప్రాంతీయ ప్రమాణ ప్రయోగశాలల నుంచి కాలాన్ని అందించే పని నడుస్తోంది. 2025 జనవరిలో భారత ప్రామాణిక కాలాన్ని తప్పనిసరి చేసే ముసాయిదా నియమాలు వచ్చాయి. వీటిని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాను. ఒక్క మాట మాత్రం ఈ వేదిక మీంచి గట్టిగా చెప్పదలుచుకున్నాను. కాలాన్ని పంపితే సరిపోదు. ఇంటర్నెట్ మీద వచ్చే కాలం వెళ్ళే దారీ వచ్చే దారీ సమానమని నమ్ముతుంది. సమానం కాకపోతే ఆ వ్యత్యాసంలో సగం తప్పుగా గడియారంలో చేరుతుంది, అందుకున్నవాడికి తెలియను కూడా తెలియదు. పంపిన కాలం అవతల ఎలా దిగిందో కొలిచి, తేడా ఎంతో రోజూ రాతపూర్వకంగా చెప్పే సేవ కావాలి. బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో ఇద్దరు ఇంజనీర్లతో నడిచే చిన్న క్యాలిబ్రేషన్ ల్యాబు భరించగలిగే చందాలో కావాలి. అమెరికాలో 1984లో అయిన పని ఇప్పుడు మనకు కాకపోవడానికి కారణం ఏదీ నాకు కనబడటం లేదు.

పోయిన నెల కాలేజీ వాళ్ళు మాస్టారి సామాను సర్దుతూ నన్ను పిలిచారు. అల్యూమినియం పెట్టె దొరికింది. ఇంటికి తెచ్చి, ఆన్ చేసి, రెండు వారాలు కదపకుండా వేడెక్కనిచ్చాను. జీపీఎస్ రిసీవర్‌తో పోల్చాను. 10 మెగాహెర్ట్జ్‌కు 3.4 హెర్ట్జ్ ఎక్కువ నడుస్తోంది. ఇన్నేళ్ళ వయసుకు క్రిస్టల్ అంతే జరిగింది. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంది. తిప్పలేదు. పెట్టెతో పాటు ఆయన రిజిస్టర్ కూడా దొరికింది. ఏటీఏ రోజుల నాటి వరుసలు, తారీఖు, వేళ, ఊపుకి ఎన్ని సెకన్లు, ఆకాశం ఎలా ఉంది. ఆయన చివరి వరుస కింద నాది రాశాను. రిజిస్టరునూ పెట్టెనూ ఈ హాలు బయట వరండాలో బల్ల మీద పెట్టించాను. పెట్టెకు కరెంటు ఉంది, దయచేసి ప్లగ్గు తీయకండి.